కొల్లేటి గూడబాతుకి నష్టపరిహారం ఎవరి ఖాతాలో వెయ్యాలి?

2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ ఆవిరి లీకై 12 మంది చనిపోయారు, లాక్‌డౌన్ రోజులు, జనం మంచి నిద్రలో ఉన్న టైము, రోడ్డు మీద ఎక్కడివాళ్లక్కడ కూలిపోయిన వీడియోలు మనందరం ఫోన్లలో చూసినవే. ఆ రోజే రాష్ట్ర ప్రభుత్వం పరిహారం లిస్టు ప్రకటించింది. చనిపోయినవాళ్ల కుటుంబానికి కోటి, వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లకి 10 లక్షలు, ఆస్పత్రిలో చేరినవాళ్లకి లక్ష, ఇలా దిగుతూ వెళ్తే కింద ఇంకో లైను ఉంటుంది, చచ్చిపోయిన పశువుకి 20 వేలు.

ఈ చివరి లైను దగ్గర కాసేపు ఆగాలి. ఆ 20 వేలు ఆవుకి ఇచ్చింది కాదు, ఆవు ఎవరిదో ఆయనకి ఇచ్చింది. రైతు ఆస్తి పోయింది కాబట్టి రైతుకి డబ్బులు. మరి అదే గాలి పీల్చి రాలిపోయిన పిట్టలకి, ఆకులు మాడిపోయిన చెట్లకి? వాటికి యజమాని ఎవరూ లేరు, కాబట్టి లిస్టులో లైను కూడా లేదు. పర్యావరణ న్యాయం, జీవావరణ న్యాయం అని రెండు మాటలు ఈ మధ్య వ్యాసాల్లో, కోర్టు తీర్పుల్లో, స్టూడెంట్ల ధర్నా బ్యానర్ల మీద కూడా కలిపి వాడేస్తున్నారు, చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు. మొదటిది ఆ లిస్టు సరిగ్గా ఉందా, అందాల్సినోళ్లకి అందిందా, అసలు ఇళ్ల మధ్యలో అంత ప్రమాదకరమైన ట్యాంకులు ఎవరిని అడిగి పెట్టారు అని అడుగుతుంది. రెండోది అసలు ఆ లిస్టులో మనుషులే ఎందుకున్నారు అని అడుగుతుంది.

మొదటిదాని చరిత్ర చూద్దాం, ఎందుకంటే అది పుస్తకాల్లో పుట్టింది కాదు, రోడ్డు మీద పుట్టింది. 1978లో అమెరికా నార్త్ కరోలినా రాష్ట్రంలో కొందరు పీసీబీ అనే విషపు రసాయనం కలిసిన నూనెని రాత్రిపూట లారీల్లోంచి రోడ్ల పక్కన వందల కిలోమీటర్ల పొడుగునా పారబోసి పోయారు. ఆ కలుషితమైన మట్టినంతా తవ్వి ఎక్కడో పూడ్చాలి కదా, ప్రభుత్వం వెతికి వెతికి వారెన్ కౌంటీలో ఆఫ్టన్ అనే చోటు ఎంచుకుంది. అక్కడ ఎక్కువమంది నల్లజాతివాళ్లు, పేదోళ్లు, అడ్డం పడినా పెద్దగా చెల్లుబాటు కాదులే అన్న ధీమా. 1982లో మట్టి లారీలు వస్తుంటే జనం రోడ్డుకి అడ్డంగా పడుకున్నారు, 500 మందికి పైగా అరెస్టయ్యారు. లారీలు ఆగలేదు, మట్టి అక్కడే పూడ్చారు. కానీ చెత్త ఎవరి ఇంటి పక్కకి వెళ్తుందనేది గాలివాటంగా జరిగే పని కాదని దేశమంతా మాట్లాడుకోవడం మొదలైంది, 1987లో ఒక చర్చి సంస్థ వేసిన రిపోర్టు ప్రమాదకర వ్యర్థాల కేంద్రాలు ఎక్కడ ఉన్నాయో లెక్క తీసి, ఆదాయం కంటే కూడా ఆ చుట్టుపక్కల జనం రంగే వాటి అడ్రసు ఎక్కువ చెప్తోందని తేల్చింది. 1994లో అధ్యక్షుడు క్లింటన్ ఈ విషయం మీద ఒక ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ కూడా ఇచ్చాడు, 2025 జనవరిలో ట్రంప్ దాన్ని పీకి పారేశాడు, అది వేరే కథ.

దీంట్లోంచి తేలిన ప్రశ్నలు మూడు. నష్టం ఎవరి నెత్తిన పడుతోంది, లాభం ఎవరి జేబులోకి పోతోంది అనేది మొదటిది. నిర్ణయం తీసుకునేటప్పుడు ఆ జనాన్ని అడిగారా అనేది రెండోది, అంటే పబ్లిక్ హియరింగ్ పేరుకి పెట్టి పోలీసుల్ని నింపడం కాదు, వాళ్లు వద్దంటే ఆగే అవకాశం ఉందా అని. మూడోది కొంచెం లోతైనది, అసలు ఆ జనాన్ని, వాళ్ల బతుకు పద్ధతిని, వాళ్లకి తెలిసిన జ్ఞానాన్ని లెక్కలోకి తీసుకుంటున్నారా, లేక ఆఫీసర్ ఫైల్లో వాళ్లు ఒక అంకె మాత్రమేనా అని. పటాన్‌చెరులో ఫ్యాక్టరీల విషం కలిసిన నక్కవాగు పక్క ఊళ్లవాళ్లు ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగింది ఈ మూడు ప్రశ్నల కోసమే. వెంకటాపురం సంగతి కూడా అంతే, ఆ ఫ్యాక్టరీకి చెల్లుబాటయ్యే పర్యావరణ అనుమతి లేదని 2019లో కంపెనీయే తన అఫిడవిట్‌లో ఒప్పుకుంది, అయినా నడిచింది. పొరుగున ఉన్నది పెద్దోళ్ల కాలనీ అయ్యుంటే అలా నడిచేదా అన్నదే పర్యావరణ న్యాయం అడిగే ప్రశ్న.

చూడండి, ఈ మొత్తం లెక్కలో ప్రకృతి అనేది ఒక సామాను. మంచి గాలి, మంచి నీళ్లు అనేవి పంచుకోవాల్సిన సరుకు, విషం అనేది పంచుకోక తప్పని చెత్త, పంపకం న్యాయంగా ఉండాలి, అంతే. పంచుకునేవాళ్లంతా మనుషులే.

జీవావరణ న్యాయం అనే ఆలోచన ఇక్కడే అడ్డం తిరుగుతుంది. పంపకంలో కూర్చోవాల్సినవాళ్లు ఇంకా ఉన్నారు, నదికి పారే హక్కు ఉంది, పక్షికి గూడు కట్టుకునే చోటు మీద హక్కు ఉంది, అవి మనకి ఉపయోగపడతాయి కాబట్టి కాదు, అవి ఉన్నాయి కాబట్టి అంటుంది. ఆస్ట్రేలియాకి చెందిన నికోలస్ లో, బ్రెండన్ గ్లీసన్ అనే ఇద్దరు 1998లో ఈ రెంటికీ గీత గీసి చూపించారు. పర్యావరణంలోని మంచీచెడూ మనుషుల మధ్య ఎలా పంచాలన్నది ఒక న్యాయం, మనిషికీ మిగతా ప్రకృతికీ మధ్య ఉండాల్సింది ఇంకో న్యాయం అని.

వినగానే చాలామందికి వచ్చే డౌటు ఏంటంటే, నోరు లేనిదానికి హక్కులేంటి, కొండ వచ్చి కోర్టులో కేసు వేస్తుందా అని. ఇది మన దేశంలో అడగాల్సిన ప్రశ్న కాదు అసలు. గుళ్లో దేవుడు మన చట్టంలో ఒక వ్యక్తి, ఆయన పేరు మీద భూములుంటాయి, ఆయన తరఫున కేసులు నడుస్తాయి, ఆయన ఎప్పటికీ మైనరే కాబట్టి ఆయన బాగోగులు చూసే మనిషి ఉంటాడు, మాన్యం ఎవడైనా కబ్జా చేస్తే దేవుడే వాది. లిమిటెడ్ కంపెనీ కూడా అంతే, కంటికి కనపడదు, ప్రాణం లేదు, కానీ సంతకం పెడుతుంది, దావా వేస్తుంది. 1972లో అమెరికా సుప్రీంకోర్టులో డగ్లస్ అనే జడ్జి తన అసమ్మతి తీర్పులో ఇదే అన్నాడు, ఓడకీ కంపెనీకీ కోర్టులో వ్యక్తి హోదా ఇస్తున్నప్పుడు నదులకీ లోయలకీ చెట్లకీ ఎందుకివ్వకూడదు అని. ఈక్వెడార్ 2008లో ఏకంగా రాజ్యాంగంలోనే ప్రకృతికి హక్కులున్నాయని రాసుకుంది, అది అలంకారానికి మిగిలిపోతుందేమో అనుకుంటే 2021లో లాస్ సెడ్రోస్ అనే అడవిలో మైనింగ్‌ని వాళ్ల రాజ్యాంగ కోర్టు దాని ఆధారంగానే ఆపేసింది.

ఇక్కడ ఇంకో చిక్కుముడి కూడా ఉంది, జంతుప్రేమ వేరు, ఇది వేరు. కొల్లేట్లో గుర్రపుడెక్క కూడా ప్రాణమున్న మొక్కే కదా, దాన్ని పీకెయ్యడం అన్యాయమా? కాదు, ఎందుకంటే అది దక్షిణ అమెరికా నుంచి వచ్చి నీటి మీద పరుచుకుని కింద ఉన్నవాటికి ఊపిరాడకుండా చేస్తోంది. జీవావరణ న్యాయం చూసేది ఒక్కొక్క ప్రాణిని కాదు, అవన్నీ కలిసి బతికే ఏర్పాటుని. వీధికుక్కల గొడవల్లో ఈ మాట వాడేవాళ్లు దయచేసి వాడకండి, అది వేరే చర్చ.

మన సుప్రీంకోర్టు ఈ రెండు ఆలోచనల్నీ ఒకే వాక్యంలో పెట్టింది. 2012లో ఛత్తీస్‌గఢ్ అడవి గేదెల కేసులో జస్టిస్ కె.ఎస్. రాధాకృష్ణన్ ఉన్న బెంచి చెప్పిన మాట సారాంశం ఏంటంటే, మనిషి కేంద్రంగా ఉన్న సూత్రం నుంచి ప్రకృతి కేంద్రంగా ఉన్న సూత్రం వైపు జరిగితేనే పర్యావరణ న్యాయం దొరుకుతుంది అని, మనం గొప్పగా చెప్పుకునే సుస్థిరాభివృద్ధి, కలుషితం చేసినవాడే డబ్బు కట్టాలనే నియమం, ఇవన్నీ కూడా మనిషి చుట్టూ తిరిగేవేనని. బాగుంది. మరుసటి ఏడాది 2013లో ఆసియా సింహాల కేసు వచ్చింది, గుజరాత్‌లోని గిర్ ఒక్కచోటే సింహాలుంటే ఏదన్నా రోగమొస్తే జాతి మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది, కాబట్టి కొన్నిటిని మధ్యప్రదేశ్‌లో కూనోకి పంపాలి అని తీర్పు, ఆ జాతికి ఏది మేలో అదే కొలమానం అన్నారు. కాగితం మీద జీవావరణ న్యాయానికి ఇంతకంటే మంచి తీర్పు దొరకదు.

కానీ కూనో నేల మీద ఏం జరిగిందో చూడండి. సింహాలొస్తాయని ఆ తీర్పుకి పదేళ్ల ముందే అక్కడ 24 ఊళ్లు ఖాళీ చేయించారు, ఎక్కువమంది సహరియా ఆదివాసులు. గుజరాత్ సింహాల్ని ఇవ్వలేదు, తీర్పొచ్చాక కూడా ఇవ్వలేదు. ఊళ్లు పోయాయి, సింహాలు రాలేదు. 2022 సెప్టెంబర్ 17న నమీబియా నుంచి చిరుతపులుల్లాంటి చీతాలొచ్చాయి, టీవీలో లైవ్ వచ్చింది. సింహం పేరు మీద సహరియాలు ఇళ్లు పోగొట్టుకున్నారు, ఆ సింహానికీ ఒరిగిందేం లేదు. ఒక న్యాయం పేరు చెప్పి ఇంకో న్యాయాన్ని తొక్కినప్పుడు చాలాసార్లు రెండూ పోతాయి, ఇది నేను సిద్ధాంతంగా చెప్పట్లేదు, జరిగింది చెప్తున్నా.

ఇప్పుడు మనకి దగ్గరగా వద్దాం, కొల్లేరుకి. ఈ రెండు న్యాయాల గొడవ అర్థం చేసుకోవడానికి తెలుగునాట ఇంతకంటే మంచి చోటు లేదని నా అభిప్రాయం.

కొల్లేరు కృష్ణా గోదావరి డెల్టాల మధ్య పళ్లెంలాంటి పల్లం. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, ఇంకా బోలెడన్ని డ్రెయిన్లు వచ్చి పడతాయి, నీళ్లు బయటకి పోవడానికి ఉన్నది ఒక్క ఉప్పుటేరు, దాదాపు 60 కిలోమీటర్లు మెలికలు తిరిగి సముద్రంలో కలుస్తుంది. వానాకాలంలో ఉబ్బుతుంది, ఎండాకాలంలో కుంచించుకుపోతుంది, అందుకే కొల్లేరు హద్దు గోడలాగా ఒకచోట ఉండదు, కాంటూరు లెక్కలో, అంటే సముద్రమట్టం నుంచి ఎంత ఎత్తు దాకా అనే లెక్కలో చెప్తారు. సముద్రమట్టానికి 10 అడుగుల కాంటూరు దాకా లెక్కేస్తే 901 చదరపు కిలోమీటర్లు, 5 అడుగులదాకా అయితే దాదాపు 308. ఈ అంకెలు గుర్తుపెట్టుకోండి, కొల్లేరు రాజకీయమంతా వీటి చుట్టూనే.

సరస్సు లోపల లంక గ్రామాలు, గట్టున బెల్ట్ గ్రామాలు. లంకల్లో ఎక్కువమంది వడ్డి కులంవాళ్లు, తరాలుగా చేపలవేటే బతుకు, తాటి దోనెలేసుకుని మావులు, అంటే చేపల ఉచ్చులు, పెట్టి కొరమేను, జెల్ల, వాలుగ పట్టేవాళ్లు. కిక్కిస పొదల్లో పక్షులు గూళ్లు పెట్టుకునేవి. అంటే పాతరోజుల్లో అంతా స్వర్గం అనట్లేదు, తుఫానొస్తే లంకలు మునిగేవి, పేదరికం దండిగా ఉండేది. ఆ పేదరికం తగ్గిద్దామనే 1970ల్లో ప్రభుత్వం సొసైటీలు పెట్టించి సరస్సు భూముల్ని వాళ్లకి ఇచ్చింది. మొదట్లో వ్యవసాయం అన్నారు, తర్వాత చేపల చెరువులు. చెప్పాలంటే ఆ రోజుకి అది పర్యావరణ న్యాయమే, అక్కడ పుట్టిన పేదోడికి అక్కడి వనరు మీద వాటా.

తర్వాత జరిగింది మాత్రం వేరు. చేపల చెరువుకి గట్టు పోయాలి, పిల్ల వెయ్యాలి, మేత వెయ్యాలి, ఇంజన్లు పెట్టాలి, అంత పెట్టుబడి లంకలోని మనిషి దగ్గర ఎక్కడిది? బయటనుంచి డబ్బున్నవాళ్లొచ్చి సొసైటీ చెరువుల్ని లీజుకి తీసుకున్నారు. కాగితంలో పేరు సొసైటీది, చెరువు లీజుదారుడిది, సొసైటీ సభ్యుడికి ఏడాదికి కొంత లీజు వాటా, కుదిరితే ఆ చెరువు మీదే కూలిపని. వందల ఎకరాల చెరువులు, కోటగోడల్లాంటి గట్లు, బొచ్చె, శీలావతి లారీలకెక్కి కలకత్తా దాకా పోయాయి. గట్లు పెరిగేకొద్దీ సరస్సులో నీరు కదలడం ఆగింది, పైన వరి రైతుల పొలాలు మునగడం మొదలైంది, ఏలూరు, గుడివాడ, విజయవాడ మురుగు వచ్చి అక్కడే నిలిచిపోయింది, నీళ్ల మధ్యలో ఉన్న లంకల్లో తాగడానికి నీళ్లు కొనుక్కునే పరిస్థితొచ్చింది.

1999 అక్టోబర్‌లో జీవో 120 ఇచ్చి 5 అడుగుల కాంటూరు దాకా అభయారణ్యం అన్నారు, సంప్రదాయ వేటకి అడ్డు లేదు, చెరువులు కుదరవు అని. 2002లో రామ్‌సార్ గుర్తింపు వచ్చింది, అంటే అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడినేల అని. అయినా గట్లు లేస్తూనే ఉన్నాయి, చివరికి సుప్రీంకోర్టు వేసిన కమిటీ దాకా పోయి, 2006లో ఆపరేషన్ కొల్లేరు జరిగింది. పొక్లెయిన్లు, కొన్నిచోట్ల పేలుడు పదార్థాలు కూడా పెట్టి గట్లు పగలగొట్టారు. పేపర్ల నిండా రెండే రెండు ఫొటోలు, ఒకదాంట్లో పగిలిన గట్టు, ఇంకోదాంట్లో ఏడుస్తున్న ఆడవాళ్లు. పక్షులు ముఖ్యమా మనుషులు ముఖ్యమా అని ఆ రోజు మొదలైన డిబేట్ ఇప్పటిదాకా ఆగలేదు.

నాకు ఈ డిబేట్ మీదే అనుమానం. కొల్లేట్లో చెరువుల వల్ల మొదట దెబ్బతిన్నది ఎవరు? గూడబాతులూ (పెలికాన్లు), కొంగలూ, వాటితోపాటు దోనె మీద వేటకెళ్లే మనిషి. ఆయన మావు పెట్టే నీళ్లు గట్టు లోపలికి పోయాయి, కొరమేను పోయింది, ఆయన వేటగాడు కాస్తా కూలీ అయ్యాడు. పక్షీ ఆయనా ఒకే గట్టుకి బయట నిలబడ్డారు. 2006లో గట్టు పగలగొట్టినప్పుడు లీజుదారుడు పెట్టుబడి నష్టపోయాడు, కాదనట్లేదు, కానీ ఆయనకి వేరేచోట చెరువుంది, వేరే వ్యాపారం ఉంది. సొసైటీ సభ్యుడికి ఏడాది లీజు వాటా పోయింది, కూలి పోయింది, వెనక్కి రావడానికి పాత సరస్సు లేదు, పునరావాసం హామీల గొడవ తెగలేదు. అప్పుడు కెమెరా ముందుకి వచ్చింది ఎవరు? ఆ సభ్యుడే. లీజుదారుడు ఏ ఫొటోలోనూ లేడు. మనుషులా పక్షులా అన్న ప్రశ్న అలా వేస్తే మధ్యలో ఉన్న మూడో మనిషి మాయమైపోతాడు, ఆ ప్రశ్న అంతకాలం బతికుండటానికి కారణం అదేనని నాకనిపిస్తుంది.

అట్లాగని వివాదమే లేదు, అంతా కుట్ర అని కొట్టిపారేస్తే అదీ తప్పే. అభయారణ్యం గీత లోపల వేల ఎకరాల జిరాయితీ భూమి ఉంది, తాతల నాటి పట్టా భూమి, దాన్ని సొంతదారుడు ఏమీ చేసుకోవడానికి లేదు, పరిహారమూ పూర్తిగా తేలలేదు. ఆ రైతుది నిజమైన నష్టం, గూడబాతుకి ఆ భూమి మీద ఉన్న హక్కూ నిజమైనదే, ఇక్కడ రెండు న్యాయాలూ నిజంగానే ఢీకొంటాయి, దీనికి మంత్రం లేదు. డబ్బిచ్చి కొనడమే దారి, ఆ డబ్బు సర్కారు పెట్టాలి. కొల్లేటి పక్షుల కేంద్రం ఆటపాకలో ఇంకో చిన్న గొడవ ఉంది, అక్కడ చెట్లు చచ్చిపోతే అటవీశాఖ ఇనప స్టాండ్లు పెట్టింది, గూడబాతులు వాటి మీద గూళ్లు కట్టుకుని పిల్లల్ని లేపుతున్నాయి, టూరిస్టులొచ్చి ఫొటోలు తీసుకుంటున్నారు. గూళ్లు ఇక్కడ, మేత మాత్రం చుట్టుపక్కల చేపల చెరువుల్లో కూడా. చెరువు రైతు కళ్లకి గూడబాతు దొంగ. గూడబాతు కళ్లకి చెరువు రైతు ఏంటో అది చెప్పలేదు కాబట్టి మనం ఊహించుకోవాలి.

2008లో అసెంబ్లీ 5 అడుగుల కాంటూరుని 3 అడుగులకి తగ్గించమని తీర్మానం చేసింది. 3 అడుగులకి దిగితే మిగిలేది దాదాపు 135 చదరపు కిలోమీటర్లు. కేంద్రం డాక్టర్ అజీజ్ నాయకత్వంలో కమిటీ వేసింది, ఆ కమిటీ తగ్గించొద్దంది. ప్రతి ఎన్నికలకీ ఆ డిమాండ్ మళ్లీ లేస్తుంది, పేదల కోసం అంటారు. నిజంగా పేదల కోసమే అయితే గీత కిందకి జరిగాక బయటపడే భూమి ఎవరి చేతిలో ఉంటుంది, సొసైటీల వెనక లీజులు మళ్లీ రావని గ్యారంటీ ఏంటి అన్నది కూడా అదే తీర్మానంలో ఉండాలి కదా. ఉండదు. నా దృష్టిలో 3 అడుగుల డిమాండ్ రెండు న్యాయాల్లో ఏదీ కాదు, పర్యావరణ న్యాయం చొక్కా వేసుకుని వచ్చిన లీజు అది.

2024 సెప్టెంబర్‌లో బుడమేరు విజయవాడని ముంచినప్పుడు సింగ్ నగర్ జనం రోజుల తరబడి నడుం లోతు నీళ్లల్లో ఉన్నారు. దానికి కొల్లేరు ఒక్కటే కారణం కాదు, పైన గండ్లు పడ్డాయి, బుడమేరు దారిలోనే ఇళ్లొచ్చాయి, కానీ ఆ నీళ్లు చివరికి చేరాల్సింది కొల్లేటికే, అక్కడ ఇరుకైతే వెనక్కి తన్నుతాయి. సరస్సుకి విస్తరించే హక్కు ఉందంటే అదేదో కవిత్వం అనుకునేవాళ్లకి చెప్తున్నా, ఆ హక్కు కాజేస్తే బిల్లు సింగ్ నగర్ అద్దె ఇళ్లకి వస్తుంది.

నల్లమలలో ఇదే కథ రెండు రకాలుగా కనపడుతుంది. 2019లో యురేనియం తవ్వకాలంటే చెంచులు, పులి, కృష్ణా నీళ్లు తాగే ఊళ్లు అంతా ఒకేవైపు, తెలంగాణ అసెంబ్లీ కూడా సెప్టెంబర్‌లో వద్దని తీర్మానం చేసింది, రెండు న్యాయాలూ చేతులు కలిపాయి. అదే అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ కోర్ నుంచి చెంచు పెంటల్ని (వాళ్ల గూడేల్ని) బయటకి పంపాలన్న మాటొస్తే అవి విడిపోతాయి, పులికి నిశ్శబ్దమైన అడవి కావాలి, చెంచుకి తేనె, గడ్డలు, తన దేవుళ్లున్న అడవి కావాలి. ప్యాకేజీ కింద కుటుంబానికి 15 లక్షలిస్తారు, స్వచ్ఛందం అంటారు. రోడ్డు, కరెంటు, బడి లేకుండా ఏళ్లపాటు ఉంచి తర్వాత వెళ్తారా అని అడిగితే వచ్చే అవును ఎంత స్వచ్ఛందమో మీరే చూసుకోండి. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం ముందు హక్కులు తేల్చాలి, తర్వాతే తరలింపు మాట. ఆ వరస తిప్పేస్తే అది పులికి న్యాయం కాదు, చెంచుకి అన్యాయం మాత్రమే.

ఒడిశాలో మన సరిహద్దుకి దగ్గర్లోనే నియమగిరి ఉంది. బాక్సైట్ తవ్వాలా వద్దా అని 2013లో సుప్రీంకోర్టు గ్రామసభల్ని అడగమంది, 12 గ్రామసభలూ వద్దన్నాయి. డోంగ్రియా కోందులు ఆ కొండ నియమరాజుదని అంటారు. అంటే ఆ కొండ తమ ఆస్తి అని కాదు, తామే కొండకి చెందినవాళ్లమని. వాళ్ల నోట్లో ఈ రెండు న్యాయాలకి తేడా లేదు. తేడా మనకి, ఫైళ్లకి. నిజానికి 1991లో వాషింగ్టన్‌లో నల్లజాతి, మూలవాసి, ఇతర వర్గాలవాళ్లు పెద్ద సదస్సు పెట్టి పర్యావరణ న్యాయానికి 17 సూత్రాలు రాసుకున్నప్పుడు మొదటి సూత్రమే భూమాత పవిత్రత గురించి, ప్రాణులన్నీ ఒకదాని మీద ఒకటి ఆధారపడటం గురించి. విడదీసింది తర్వాత వచ్చిన ప్రొఫెసర్లు, వాళ్లని తప్పు పట్టట్లేదు, విడదీసి చూస్తే తప్ప ఎక్కడ ఢీకొంటాయో తెలీదు.

మిగిలింది ప్రాతినిధ్యం చిక్కు. నదికో సరస్సుకో హక్కులున్నాయని ఒప్పుకున్నాం, దాని తరఫున మాట్లాడేదెవరు? 2017 మార్చిలో ఉత్తరాఖండ్ హైకోర్టు గంగా యమునలు చట్టపరంగా వ్యక్తులని ప్రకటించి, రాష్ట్ర చీఫ్ సెక్రటరీ లాంటి అధికారుల్ని సంరక్షకులుగా పెట్టింది. రాష్ట్ర ప్రభుత్వమే సుప్రీంకోర్టుకి పరిగెత్తింది, రేపు వరదలొచ్చి జనం చస్తే నది మీద కేసేస్తారు, ఆ డబ్బులు మేం కట్టాలా అని. జూలైలో స్టే వచ్చింది. నవ్వొస్తుంది కానీ పాయింటు ఉంది, నదిని పాడు చేసిన సర్కారునే నదికి గార్డియన్‌గా పెడితే ఇలాగే ఉంటుంది. అదే 2017 మార్చిలో న్యూజిలాండ్ పార్లమెంటు వాంగనుయ్ నదికి వ్యక్తి హోదా ఇచ్చింది, అక్కడ సంరక్షకులు ఇద్దరు, ఒకరిని ప్రభుత్వం, ఇంకొకరిని ఆ నది ఒడ్డున వందల ఏళ్లుగా ఉన్న మావోరీ తెగలు ఎంచుకుంటాయి. నదికి హక్కులు రావడం, ఆ తెగలకి జరిగిన పాత అన్యాయాన్ని సరిచెయ్యడం రెండూ ఒకే చట్టంలో జరిగాయి. రెండు న్యాయాలూ ఒక కాగితం మీద కుదరవనేవాళ్లకి ఆ చట్టం చూపించొచ్చు.

మన చట్టాల్లో ఆ దారి బొత్తిగా లేదని కాదు. 2010 నాటి గ్రీన్ ట్రిబ్యునల్ చట్టం 15వ సెక్షన్ తీస్తే మూడు ముక్కలుంటాయి, కాలుష్య బాధితులకి పరిహారం, పాడైన ఆస్తిని తిరిగి బాగు చెయ్యడం, పాడైన పర్యావరణాన్ని తిరిగి బాగు చెయ్యడం. మూడోది మనిషి ఖాతాలో పడే డబ్బు కాదు, చోటుకి పెట్టాల్సిన ఖర్చు. వాడుకునేవాళ్లు తక్కువ, వాడినా బాగుచేసే పని మళ్లీ అదే డిపార్ట్‌మెంట్లకి వెళ్తుంది, ఏం చేశారో చూసే దిక్కు ఉండదు.

కొల్లేటికి వాంగనుయ్ పద్ధతిలో ఇద్దరు సంరక్షకుల్ని పెట్టారనుకుందాం. ఒకరు లంక గ్రామాల్లో వేటకెళ్లేవాళ్లు ఓటేసి ఎన్నుకున్న మనిషి, సొసైటీ ప్రెసిడెంటు కాదు, అది గట్టిగా రాసుకోవాలి. ఇంకొకరు పక్షులూ నీళ్లూ తెలిసినవాళ్లు, జిల్లా యంత్రాంగం కింద పనిచెయ్యని మనిషి. వాళ్లు మొదటి రోజు అడగాల్సిన ఫైలు పక్షుల సర్వే కాదు, కాంటూరు మ్యాపు కూడా కాదు. సరస్సు లోపల ఇవాళ నీళ్లున్న ప్రతి చెరువుకీ గట్టు ఎవరు పోయించారు, ఇంజన్‌కి కరెంటు కనెక్షన్ ఎవరి పేరు మీద ఉంది, పట్టిన చేప ఎవరి లారీలో ఏ వ్యాపారికి పోతోంది. ఆ మూడు కాలమ్‌లు నిండితే సొసైటీల వెనకున్న పేర్లు బయటకొస్తాయి, ఉప్పుటేరు పూడిక తియ్యడానికి, జిరాయితీ రైతుకి రేటు కట్టి ఇవ్వడానికి డబ్బు ఎవరి దగ్గర వసూలు చెయ్యాలో కూడా అప్పుడే తెలుస్తుంది.